టేకు దుంగలతో ఇల్లు కట్టుకోవాలని ఉంది, కోనసీమలో నిలబడుతుందా?

లంకగాలి | జనవరి 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు 1988లో కొబ్బరితోట గట్ల మీద టేకు మొక్కలు వేశారు. ఇప్పుడు 48 చెట్లు ఉన్నాయి. ఇరవై అడుగుల వరకు కొమ్మల్లేకుండా ఎదిగాయి, మధ్యలో చుట్టుకొలత సుమారు రెండున్నర అడుగులు. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన ఎప్పుడూ అనేవారు, "ఇవి అమ్ముకోడానికి కాదురా, ఇంటికి" అని.

మనాలీలో దుంగల మీద దుంగలు పేర్చి కట్టిన ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. అప్పటి నుంచి అదే ధ్యాస. 20 అడుగులకు 30 అడుగుల ఇల్లు, గోడలన్నీ గుండ్రటి టేకు దుంగలతో. స్థలం ఏటిగట్టుకు ఊరి వైపే ఉంది. అయితే 1986లో గట్టు తెగినప్పుడు మా వీధిలోకి నీళ్లు వచ్చాయట. పని మొదలుపెట్టే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. నేను తొందరలో లేను.

గోదారిబిడ్డ | జనవరి 12, రాత్రి 10:15

అన్నా, మనసుకు కష్టంగా ఉంటుందేమో కానీ చెప్పాలి. మన దగ్గర తేమ, చెదలు, తుఫాను మూడూ ఉన్నాయి. స్లాబ్ ఇల్లు వేసుకుని లోపల చెక్క పలకలు కొట్టించుకోండి. చూడ్డానికి అదే అందం వస్తుంది, టెన్షన్ ఉండదు.

లంకగాలి | జనవరి 12, రాత్రి 10:31

అందం కోసమే అయితే అలాగే చేసేవాణ్ణి తమ్ముడూ. ఆ చెట్లు ఇంటిని మోయాలి. గోడకు అంటించడానికైతే వాటిని కొట్టను.

మంచుదేశం | జనవరి 13, ఉదయం 6:05

మాది రాజోలు. పదహారేళ్లుగా కెనడాలో ఉంటున్నాను. బ్రిటిష్ కొలంబియాలో మా ఆయన, నేను, ఇద్దరు స్నేహితులు కలిసి మా దుంగల ఇల్లు మా చేతులతోనే కట్టుకున్నాం. అందుకని ఇక్కడి సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను.

దుంగల గోడ కట్టినప్పుడు ఎంత ఎత్తు ఉంటుందో తర్వాత అంత ఉండదు. పచ్చి కర్ర ఎండుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది. ఒక్కో దుంగలో ఆ తేడా కొంచెమే, కానీ పదిహేను వరసలకి కలిపి లెక్క వేస్తే చాలా అవుతుంది. ఇక్కడ పచ్చి దుంగలతో కట్టేవాళ్లు ఎనిమిది అడుగుల గోడకి ఆరు అంగుళాల దాకా దిగుతుందని ముందే లెక్క వేసుకుంటారు. అందుకే కిటికీల మీద, తలుపుల మీద ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో దూది లాంటిది కూరి పైన పలక కప్పుతారు. ద్వారబంధాన్ని దుంగలకి మేకులతో బిగించరు, గాడిలో జారేలా పెడతారు. ఇంటి లోపల నిలువు స్తంభం ఉంటే దాని కింద మర జాకీ పెట్టి, గోడ దిగినకొద్దీ స్తంభాన్నీ దించుతారు. మొదటి మూడేళ్లు మా ఆయన నెలకోసారి పానా పట్టుకుని అదే పని.

ఇంకో మాట. ఈ దుంగల ఇళ్లు చలిదేశాల్లో పుట్టాయి. లావాటి కర్ర లోపలి వేడిని పోనివ్వదు. మాకు చలి బాధ, మీకు ఉక్కపోత. గాలి ఆడని గోడ మీకు మేలు చేస్తుందో లేదో ముందు అది ఆలోచించండి. టేకు మా పైన్ కర్ర కంటే తక్కువ కుంచించుకుంటుంది కాబట్టి మీకు ఆరు అంగుళాలు దిగదు. అలాగని అసలు దిగకుండానూ ఉండదు.

ఉలిచప్పుడు | జనవరి 13, మధ్యాహ్నం 1:20

నేను వడ్రంగిని. నలభై ఏళ్లుగా ఇదే పని. తాతగారు పడవలకీ పనిచేశారు, తాళ్లరేవు వెళ్లి వస్తుండేవారు. బాబూ, ముందు మీ చెట్ల లెక్క సరిచూసుకోండి.

మీ ఇంటికి నాలుగు వైపులా కలిపి 100 అడుగులు. గోడ 10 అడుగుల ఎత్తు. ఎనిమిది అంగుళాల దుంగకి కింద గాడి తీసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే ఒక్కో వరసకి ఏడు అంగుళాలు నిలుస్తుంది. అంటే పదిహేడు వరసలు, 1,700 అడుగుల పొడవు కర్ర. మూలల్లో దుంగలు ఒకదాన్నొకటి దాటి బయటికి రావాలి, దానికి ఇంకో 130. తలుపులకీ కిటికీలకీ 200 తీసేయండి. ఎటుచూసినా 1,600 పైనే కావాలి. మీ దగ్గర 48 చెట్లు, చెట్టుకి ఇరవై అడుగులు, అంటే 960. అదీ ప్రతి చెట్టూ తిన్నగా ఉంటే. గట్టు మీద పెరిగిన టేకు వెలుతురు వైపు వంగుతుంది. నాలుగింట ఒకటైనా వంకర పోతుంది.

అడితిలో కొని కలుపుకోవచ్చు. కానీ ఎక్కడిదో కర్ర, ఎప్పుడు కొట్టిందో తెలియనిది, మీ కర్రతో కలిసి ఒకేలా ఎండదు. పక్కపక్కనే ఉన్న రెండు వరసలు రెండు రకాలుగా దిగితే గోడలో సందులు పడతాయి.

ఇంకొకటి. ముప్పై ఏడేళ్ల టేకులో చేవ ఎంతుందో కోస్తే గానీ తెలియదు. బయటి తెల్లచెక్కకి చెద పడుతుంది, పుచ్చూ పడుతుంది. తొమ్మిది అంగుళాల దుంగలో తెల్లది అంగుళం చొప్పున చుట్టూ పోతే మిగిలేది ఏడే.

లంకగాలి | జనవరి 13, రాత్రి 8:50

మీరు చెప్పిన లెక్క కాగితం మీద మూడుసార్లు వేసి చూశాను. నిజమే, చాలదు. ఆదివారం ఊరు వెళ్లి ఒక్కో చెట్టూ చూసి వస్తాను. 12 అడుగులకి 14 అడుగుల గది ఒక్కటే దుంగలతో కడితే?

ఉలిచప్పుడు | జనవరి 13, రాత్రి 9:30

దానికీ 920 అడుగులు పడుతుంది. మీ 960లో ఒక్క చెట్టు పుచ్చు తేలినా పని ఆగిపోతుంది.

రిటైర్డ్‌ఇంజినీర్ | జనవరి 14, ఉదయం 7:10

సంక్రాంతి శుభాకాంక్షలు. వరద గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను.

ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. బ్యారేజీ దగ్గర 17.75 అడుగులు వస్తే మూడో ప్రమాద హెచ్చరిక. ఈ అంకెలు పేపర్లో చదివి వదిలేసేవి కావు. మీ ఇంటి నేల ఎంత ఎత్తులో ఉండాలో వీటిని బట్టే తేలుతుంది. మీ వీధిలో 86 నాటి పాత ఇల్లు ఏదైనా నిలిచి ఉంటే గోడ మీదో ద్వారబంధం మీదో నీటి గుర్తు చూపించేవాళ్లు ఉంటారు. ఆ గుర్తు నుంచి మీ స్థలం దాకా నీళ్ల పైపు పెట్టి మట్టం తీసుకోండి. తాపీమేస్త్రి, ఇద్దరు మనుషులు, గంట పని. ఆ మట్టానికి పైన ఒక అడుగుకి తగ్గకుండా నేల రావాలి. ఇల్లు గీయడం ఆ తర్వాతే.

ఇక దుంగల గోడ సంగతి. ఒక ఘనపుటడుగు నీరు 28 కిలోలు ఉంటుంది. అదే ఘనపుటడుగు ఎండిన టేకు 18, 19 కిలోలే. అంటే నీట మునిగిన ప్రతి ఘనపుటడుగు కర్రా తొమ్మిది పది కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. మీ 20 x 30 ఇంటి చుట్టూ నాలుగు అడుగుల నీరు నిలిస్తే కింది వరసలన్నీ కలిసి రెండు టన్నులకు మించిన బలంతో పైకి తోస్తాయి. పైన ఉన్న గోడ, కప్పు బరువు అణిచి ఉంచుతాయి, ఇల్లు తేలిపోదు. కానీ పునాది మీద దాని పట్టు తగ్గుతుంది. అదే సమయంలో ప్రవాహం పక్క నుంచి నెడుతుంది. ఊరికే పునాది మీద కూర్చోబెట్టిన దుంగల గోడ జరిగే ప్రమాదం అక్కడుంది. కింది దుంగ నుంచి పై దుంగ దాకా ఇనుప కడ్డీ దూర్చి పునాదిలో బిగించాలి. గోడ కుంగుతుంటుంది కాబట్టి పైన నట్టు వదులవుతుంది, ప్రతి వానాకాలం ముందూ మళ్లీ బిగించాలి.

గాలి కూడా. మన తీరానికి భారతీయ ప్రమాణాల్లో చెప్పిన మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 1996 నవంబర్ 6 తుఫాను చూసినవాళ్లకి ఈ అంకె వివరించక్కర్లేదు. ఆ రాత్రి కూలిన కొబ్బరిచెట్లు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. చాలా ఇళ్లకి ముందు పోయింది కప్పే. వాసం దూలానికీ, దూలం స్తంభానికీ, స్తంభం పునాదికీ విడవని కట్టు ఉండాలి. మధ్యలో ఒక్కచోట మేకుతో సరిపెడితే అక్కడే ఊడుతుంది.

మండువాలోగిలి | జనవరి 14, సాయంత్రం 4:45

నేను అమలాపురం వైపు మా అత్తవారి మండువా ఇంట్లో ఉంటున్నాను. నూరేళ్ల పైబడిన ఇల్లు. మీరందరూ రాస్తున్నవి చదివాక లేచి వెళ్లి మా స్తంభాన్ని మళ్లీ చూశాను, ఎన్నేళ్లుగానో రోజూ ఆనుకుని కూర్చునే స్తంభమే.

గుండ్రటి టేకు. పైన దూలం ఆనే చోట బోదె చెక్కారు. కింద నేలకి తగలదు, జానెడు ఎత్తు రాతి దిమ్మె మీద నిలబడింది. దిమ్మె నడుమ చిన్న బొడిపె ఉండి స్తంభం అడుగున ఉన్న గుంటలో కూర్చుంటుందని మా మామగారు చెప్పేవారు. రాయి చుట్టూ ఖాళీ కనబడుతూ ఉంటుంది. చెద ఎక్కాలంటే ఆ రాతి మీద మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి, పొద్దున్నే ఊడుస్తుంటే కంటపడుతుంది. చీపురు మొనతో తీసేయడమే. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని అదే, ముగ్గు కంటే ముందు.

స్తంభానికి ఒక పక్క పై నుంచి కింద దాకా పగులు ఉంది. నా చిటికెన వేలు పడుతుంది. పెళ్లయి వచ్చినప్పుడూ అంతే ఉంది, ఇప్పుడూ అంతే ఉంది. మా పిల్లలు అందులో బలపాలు దాచేవారు. 86లో నీరు ఆ స్తంభం మీద మోకాలి పైదాకా వచ్చింది. మూడు రోజులు నిలిచి తీసింది. కింది భాగం రంగు కొంచెం మారింది, అంతే. మట్టి గోడ ఒకటి కూలింది, స్తంభాలు ఒక్కటీ కదల్లేదు.

బాబూ, మన పెద్దవాళ్లు కూడా దుంగలతోనే కట్టారు. కాకపోతే పడుకోబెట్టలేదు, నిలబెట్టారు.

మంచుదేశం | జనవరి 14, రాత్రి 11:20

అక్కయ్య గారి చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లు జాకీలు తిప్పిన మాకు ఇది తట్టలేదు. కర్ర అడ్డంగా కుంచించుకుంటుంది. నిలువుగా, అంటే నార సాగిన దిక్కులో, దాదాపు మారదు. స్తంభాల మీద కప్పు మోపితే ఇల్లు కుంగే ప్రశ్నే లేదు. పది అడుగుల స్తంభం ఎండాక కూడా పది అడుగులే. తలుపుల మీద ఖాళీలు, జాకీలు, ఏటేటా నట్టు బిగింపు ఏవీ అక్కర్లేదు.

ఉలిచప్పుడు | జనవరి 15, ఉదయం 8:00

ఆ లెక్కన అయితే మీ చెట్లు చాలు బాబూ. పద్నాలుగు స్తంభాలు పదేసి అడుగులు, 140. చుట్టూ దూలాలు 100, అడ్డదూలాలు మూడు, 60. మొత్తం 300 అడుగులు, పదిహేను చెట్లు. మిగతావి వాసాలకీ తలుపులకీ కోయించుకోవచ్చు. మూలల్లో స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలు బద్దలు తప్పకుండా పెట్టాలి, లేకపోతే గాలికి ఇల్లు ఒరుగుతుంది.

గోడ కింద నాలుగు అడుగులూ ఇటుకతో కట్టండి, నీరు వచ్చినా తట్టుకుంటుంది. ఆ పైన చెక్క పలకలు, గాలి ఆడే కిటికీలు. చూరు మూడు అడుగులైనా బయటికి ఉండాలి. మన దగ్గర వాన నిలువుగా పడదు, ఏటవాలుగా కొడుతుంది.

గుండ్రటి దుంగ ఎండేటప్పుడు పగలక మానదు. అందుకని కనబడని వైపు నిలువునా రంపంతో దుంగ నడిబొడ్డు దాకా ఒక గాటు తీసి పెడతాం. పగలాల్సింది అక్కడే పగులుతుంది.

కొబ్బరితోట | జనవరి 15, మధ్యాహ్నం 12:30

వాసాలకి టేకెందుకు, ముసలి కొబ్బరిచెట్లు ఉన్నాయి కదా? మా తోటలో కాపు తగ్గినవి ఇరవై కొట్టించాలి.

ఉలిచప్పుడు | జనవరి 15, మధ్యాహ్నం 2:10

అరవై ఏళ్లు దాటినదైతే పనికొస్తుంది. కొబ్బరికర్ర టేకులా కాదు, దీనిలో గట్టిదనం బయట ఉంటుంది, నడుమ మెత్తగా బెండులా ఉంటుంది. మొదలు దగ్గర బయటి రెండు మూడు అంగుళాలే వాసానికి తీసుకోవాలి. కొట్టిన వారం పది రోజుల్లో కోయించాలి, లేకపోతే నల్లబూజు పట్టేస్తుంది. రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి, సా మిల్లు వాళ్లు అందుకే ఎక్కువ అడుగుతారు. మందు పట్టించకుండా, నేల తగిలేలా మాత్రం వాడకండి. తాటి వాసాలైతే నిశ్చింత, ముదురు తాడి బయటి నల్లచేవ తరాలు నిలుస్తుంది.

లంకగాలి | జనవరి 15, రాత్రి 10:05

మందు విషయం కూడా చెప్పండి. ఏది మంచిది?

రిటైర్డ్‌ఇంజినీర్ | జనవరి 16, ఉదయం 6:50

ఇంటి లోపలి కర్రకి బోరాక్స్ ఒకటిన్నర పాలు, బోరిక్ ఆమ్లం ఒక పాలు నీళ్లలో కలిపి నానబెట్టడం మంచిది. పుచ్చుకీ చెదకీ పనిచేస్తుంది, మనిషికి ప్రమాదం తక్కువ. వాన తగిలే చోట మాత్రం కడిగేసుకుపోతుంది. బయట కర్రకి మన పడవలవాళ్లు జీడిపిక్కల తొక్క నూనె పూసేవారు. మోరిలో జీడిపప్పు పని జరుగుతుంది కాబట్టి మీకు దగ్గర్లోనే దొరకొచ్చు. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. బోల్టులకి మామూలు ఇనుము వద్దు. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, పైగా టేకులో నల్లమరకలు తెస్తుంది. జింకులో ముంచినవి గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడండి.

దిండిదగ్గర | జనవరి 16, రాత్రి 9:15

అనుమతుల గురించి నా అనుభవం రాస్తాను, మీకు ఉపయోగపడుతుంది. మా పొలంలో మా టేకే కదా అని ఎనిమిది చెట్లు కొట్టి సా మిల్లుకి తోలాను. దారిలో బండి ఆపేశారు. పట్టా భూమిలో చెట్టయినా టేకు కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలని అప్పుడు తెలిసింది. నెలన్నర తిరిగాను. కర్ర అంతకాలం ఎండలో వానలో పడి ఉండి కొసలు పగిలి సగానికి సగం పోయింది. ఒక పనివాడు ముందే చెప్పాడు, నేనే వినలేదు. చెట్టుకి గాటు పెట్టకముందే పట్టాదారు పుస్తకం పట్టుకుని రేంజ్ ఆఫీసుకి వెళ్లండి. పంచాయతీ ప్లాను అనుమతి వేరు. ఉప్పుటేరుకి దగ్గరైతే తీరప్రాంత నిబంధనలూ అడిగి తెలుసుకోండి. బ్యాంకు లోను గురించి కూడా ముందే మాట్లాడండి, నేను వెళ్లిన చోట చెక్క ఇల్లనగానే కాగితాలు వెనక్కి ఇచ్చేశారు.

లంకగాలి | ఫిబ్రవరి 9, రాత్రి 9:00

అందరికీ నమస్కారమండీ. మూడు వారాంతాలు ఊళ్లోనే ఉన్నాను.

ముందు నీటి గుర్తు. మా వీధి చివర పెద్దమ్మగారి పాత పెంకుటింట్లో ద్వారబంధం మీద మేకు కొట్టి ఉంది. 86లో నీరు తీశాక పెదనాన్నగారు కొట్టారట. అక్కడి నుంచి నీళ్ల పైపుతో మా స్థలానికి మట్టం తీస్తే నేల మీద నుంచి మూడు అడుగుల రెండు అంగుళాలు వచ్చింది. అంటే అరుగు నాలుగున్నర అడుగులు. మెరక తోలించి ఒక వానాకాలం వదిలేస్తాను, ఒండ్రుమట్టి కుదురుకునే దాకా పునాది తీయను.

తర్వాత చెట్లు. ఒక్కో చెట్టు కింద నిలబడి తాడు పట్టి చూశాను. తిన్నగా ఉన్నవి 31. మీరు చెప్పినట్టే వంగినవన్నీ తూర్పు వైపుకే వంగాయి. అటు చెరువు, నీడ లేదు. నాన్నగారు ఒక్కో మొక్కకీ పక్కన కొబ్బరి డొక్కలు పాతేవారట, తేమ ఉంటుందని. అమ్మ ఇప్పుడు చెప్పింది.

అడ్డదుంగల ఇల్లు వదులుకున్నాను. మొదట్లో మనసు ఒప్పుకోలేదు. మండువాలోగిలి గారింటికి వెళ్లి ఆ స్తంభం మీద చెయ్యి వేశాక ఒప్పుకుంది. అత్తయ్యగారూ, ఆ రోజు పెట్టిన పులిహోరకి కూడా ధన్యవాదాలు.

మండువాలోగిలి | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

మీ అమ్మగారిని కూడా తీసుకురండి బాబూ. పై దూలానికి అతుకు ఎలా పెట్టారో అటక ఎక్కితే కనిపిస్తుంది, మీ వడ్రంగిగారినీ పిలవండి.

లంకగాలి | జూన్ 8, సాయంత్రం 6:20

అనుమతి మార్చిలో వచ్చింది. ఆకు రాలి ఉన్నప్పుడే పదిహేడు చెట్లు కొట్టించాం, ఉలిచప్పుడు గారు దగ్గరుండి చూసుకున్నారు. మొదటి చెట్టు పడగానే ఆయన మొద్దు మీద నీళ్లు చల్లి వేలితో చూపించారు. నడుమ తేనెరంగు చేవ ఆరున్నర అంగుళాలు, చుట్టూ తెల్లది అంగుళానికి కాస్త ఎక్కువ. కొత్త తోలు వాసన వచ్చింది. వలయాలు లెక్కపెట్టాం. మధ్యలో ఒకచోట నాలుగైదు వలయాలు దారాల్లా దగ్గరగా ఉన్నాయి. తర్వాత మళ్లీ వెడల్పు. తొంభై ఆరు తుఫాను తర్వాత కొబ్బరిచెట్లు పడిపోయి వాటి మీద పడ్డాయని, కొమ్మలు విరిగి కోలుకోడానికి ఏళ్లు పట్టిందని అమ్మ అంది. లెక్క కూడా ఆ ఏళ్ల దగ్గరికే వచ్చింది.

బెరడు తీసి, కొసలకి పెయింటు రెండు పూతలు వేసి, షెడ్డులో అడుగున ఇటుకలు, మధ్యలో బద్దలు పెట్టి పేర్చాం. రెండు అంగుళాల ముక్క ఒకటి కోసి తూచాను, 412 గ్రాములు. ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెడితే 268. అంటే 54 శాతం నీరు. పదిహేను దగ్గరికి రావాలి కదా.

ఉలిచప్పుడు | జూన్ 8, రాత్రి 8:10

పలకలు వచ్చే వేసవికి వస్తాయి. దుంగలు అంతలో రావు, వాటికి గాటు తీశాం కాబట్టి రెండో ఏడు నిలబెట్టొచ్చు. వానలు మొదలయ్యాయి, షెడ్డు పడమటి వైపు తడిక కట్టించండి. జల్లు అటు నుంచే కొడుతుంది. నేను గురువారం వచ్చి దుంగలు ఒకసారి దొర్లిస్తాను. ఇద్దరు మనుషుల్ని చూసి పెట్టండి.

లంకగాలి | జూన్ 8, రాత్రి 8:25

తడిక రేపే కట్టిస్తానండి. గురువారం ఇద్దరు మనుషులతో పాటు నేనూ ఉంటాను.